హెవీవెయిట్ కుర్రాడు ప్రొఫెషనల్‌గా నిలబడతాడా? అంచనా వేసే పద్ధతి, మెట్టు మెట్టుగా

వైజాగ్‌లో బాక్సింగ్ నేర్పే చోట కాస్త తిరిగేవాళ్ళందరికీ ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది. "మావాడు 96 కిలోలండీ, స్టేట్‌లో గోల్డ్ వచ్చింది, ప్రొఫెషనల్‌లోకి దింపొచ్చా?" అడిగేది ఒక్కోసారి తండ్రి, ఒక్కోసారి కోచ్, చాలాసార్లు ఆ కుర్రాడే. దీనికి అక్కడికక్కడే అవుననో కాదనో చెప్పేవాళ్ళ మాట పట్టుకోకండి. ఓ ఆరు వారాలు ఓపిగ్గా పని చేస్తే మాత్రం దగ్గరదగ్గర సరైన అంచనాకే వస్తారు.

ఒక్కటి మొదటే మనసులో పెట్టుకోండి. అమెచ్యూర్ బౌట్ అంటే 3 నిమిషాల రౌండ్లు 3, మొత్తం 9 నిమిషాలు. మెడల్ ఆ 9 నిమిషాల సంగతే చెబుతుంది. ప్రొఫెషనల్‌లో 4 రౌండ్లతో మొదలుపెట్టి 6, 8, 10 అంటూ పెరిగి, ప్రపంచ టైటిల్ దగ్గరికి వచ్చేసరికి 12 రౌండ్లు, అంటే 36 నిమిషాలు. పదో నిమిషం నుంచి ఈ కుర్రాడు ఎలా ఉంటాడన్నదే మనం తేల్చుకోవాలి. కింద చెప్పినవన్నీ దానికోసమే.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఇవి చేతిలో లేకుండా మొదలుపెడితే మధ్యలో ఊహల మీద నడవాల్సి వస్తుంది, చివరికి ఎవరికి నచ్చింది వాళ్ళు అనుకుంటారు.

- కుర్రాడు ఇప్పటిదాకా ఆడిన బౌట్లన్నిటి జాబితా: తేదీ, టోర్నీ, ప్రత్యర్థి, ఫలితం, ఏ రౌండ్‌లో ముగిసింది
- కనీసం ఐదారు బౌట్ల పూర్తి వీడియోలు (ముక్కలు కత్తిరించి పాట పెట్టిన రీల్స్ పనికిరావు), అందులో ఓడిన బౌట్లు తప్పనిసరి
- గడిచిన రెండేళ్ళలో నెలనెలా బరువు, దొరికినంత వరకు
- పాత దెబ్బలు, ఆపరేషన్లు, స్కానింగ్ కాగితాలు
- కొలిచే టేపు, స్టాప్‌వాచ్, నమ్మకమైన తూకం మెషిన్, ఒక నోటు పుస్తకం
- బయటి మనిషి ఒకరు

ఆఖరిది అన్నిటికంటే ముఖ్యం. సొంత కోచ్‌కీ తండ్రికీ కుర్రాడి మీద ప్రేమ ఉంటుంది, ఉండాలి కూడా, కానీ ఆ ప్రేమతో వీడియో చూస్తే వాడు కొట్టిన దెబ్బలే కనబడతాయి, తిన్నవి కనబడవు. వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి ఈ విషయంలో ఓ అదృష్టం ఉంది. తూర్పు నౌకాదళం ఇక్కడే ఉంది, రైల్వే ఉంది, సాయ్‌లో (కేంద్ర ప్రభుత్వ క్రీడా శిక్షణ సంస్థ) శిక్షణ పొందినవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. సర్వీసెస్ (సైనిక దళాల జట్టు), రైల్వేస్ జట్లలో ఆడి రిటైరైన పాత బాక్సర్‌ని ఒకరిని వెతికి పట్టుకుని, "మొహమాటం లేకుండా చెప్పండి గురువుగారూ" అని అడగండి. ఆయన మీ కుర్రాడిని అంతకుముందు చూడకపోవడమే మంచిది.

## 2. ఒంటి కొలతలు: అసలు హెవీవెయిటేనా?

అంతర్జాతీయ అమెచ్యూర్ బాక్సింగ్‌ని ఇప్పుడు నడుపుతున్న వరల్డ్ బాక్సింగ్ సంస్థ 2025లో బరువులు మార్చింది. మగవాళ్ళలో పై తరగతి 90 కిలోల పైన. ప్రొఫెషనల్‌లో హెవీవెయిట్ 200 పౌన్లు దాటాక, అంటే 90.7 కిలోలు దాటాక మొదలవుతుంది. చూడ్డానికి రెండు గీతలూ ఒకచోటే ఉన్నాయి కాబట్టి 94 కిలోల కుర్రాడు అక్కడా ఇక్కడా హెవీవెయిటే అనుకుంటారు. ఆ 94లో కండ ఎంత, పొట్ట ఎంత అన్నది ఎవరూ అడగరు.

కొలవడం ఇలా:

- ఎత్తు: చెప్పులు లేకుండా, గోడకి ఆనించి, పొద్దున పూట
- రీచ్: గోడకి వీపు ఆనించి చేతులు భుజాల ఎత్తులో బార్లా చాపించి, ఒక నడివేలి కొన నుంచి ఇంకో నడివేలి కొనకి
- బరువు: వారం రోజులు వరసగా, లేవగానే, ఏమీ తినకముందు. ఏడు రోజుల సగటు రాసుకోండి
- నడుము: బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక

పోల్చుకోవడానికి ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్లయినవాళ్ళ అంకెలు కొన్ని. ఒలెక్సాండర్ ఉసిక్ ఎత్తు 191 సెంటీమీటర్లు, రీచ్ 198. టైసన్ ఫ్యూరీ 206, రీచ్ 216. ఆంథొనీ జాషువా 198, రీచ్ 208. మైక్ టైసన్ 178 సెంటీమీటర్లే కదా అని చాలామంది అంటారు. నిజమే, కానీ ఆ ఎత్తుతో నెగ్గాలంటే తల కదలికా దగ్గరికి చొచ్చుకుపోయే వేగమూ టైసన్ స్థాయిలో ఉండాలి. అవి ఉన్నాయని వీడియో రుజువు చేసేదాకా టైసన్ పేరు పక్కన పెట్టండి.

నా లెక్క ఇది: 185 సెంటీమీటర్ల లోపు ఎత్తుండి, బరువు 90కి పైన కాస్తే ఉండి, నడుము దగ్గర పట్టుకుంటే చేతికి కొవ్వు దొరుకుతుంటే ఆ కుర్రాడు క్రూజర్‌వెయిట్, అంటే 200 పౌన్ల లోపు తరగతి. అది చిన్నతనమేం కాదు. ఉసిక్ లండన్ ఒలింపిక్స్‌లో 91 కిలోల్లో గోల్డ్ తెచ్చుకుని, 2013లో ప్రొఫెషనల్ అయి, ముందు క్రూజర్‌లో నాలుగు ప్రపంచ సంస్థల బెల్టులూ 2018కల్లా గెలిచి, తర్వాతే హెవీవెయిట్‌కి ఎక్కాడు.

మామూలుగా జరిగే తప్పు: "హెవీ అంటే బరువుండాలి" అని గుడ్లూ అరటిపళ్ళూ కూరి కూరి పెట్టి నాలుగు నెలల్లో పది కిలోలు పెంచేస్తారు. కాళ్ళు బరువెక్కుతాయి, మూడో రౌండ్‌లో నోరు తెరుస్తాడు. ఇప్పటికే అలా చేసి ఉంటే నెలకి కిలో, కిలోన్నర చొప్పున దింపుతూ రండి, ఏ బరువు దగ్గర ఐదో మెట్టులోని పరీక్షల్లో ఆరో రౌండ్ బాగా ఆడుతున్నాడో అదే వాడి బరువు.

## 3. రికార్డు చదవడం: ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే

మన రాష్ట్రంలో, ఆ మాటకొస్తే దేశంలో చాలా రాష్ట్రాల్లో, పై బరువుల్లో ఆడేవాళ్ళు తక్కువ. 50 కిలోలో, 55 కిలోలో గోల్డ్ తెచ్చుకోవాలంటే వరసగా నాలుగైదు బౌట్లు గెలవాలి. హెవీలో ఎంట్రీలే నాలుగో ఐదో ఉంటాయి, ఒకడు బరువు తూచే చోటికే రాడు, ఇంకొకడు రింగ్‌లోకి దిగకుండానే వాకోవర్ ఇస్తాడు, మిగిలిన ఒక్క బౌట్ గెలిస్తే మెడలో గోల్డ్ పడుతుంది. కుర్రాడి తప్పు కాదది. కానీ ఆ గోల్డ్‌నీ కింది బరువుల గోల్డ్‌నీ ఒకే తూకంలో వేస్తే అంచనా మొదట్లోనే పాడవుతుంది.

అందుకని నోటు పుస్తకంలో ప్రతి బౌట్‌కీ నాలుగు గడులు గీయండి. ప్రత్యర్థికి అప్పటికి ఎన్ని బౌట్ల అనుభవం ఉంది, వాడి అసలు బరువెంత, తర్వాత వాడు ఎక్కడిదాకా వెళ్ళాడు, ఈ బౌట్ నిజంగా ఎన్ని నిమిషాలు జరిగింది.

ఉదాహరణకి ఒక కుర్రాడి రికార్డు 14 బౌట్లు, 11 గెలుపులు అనుకోండి. వినడానికి బాగుంది. గడులు నింపితే 3 వాకోవర్లని తేలింది. 4 గెలుపులు ఆ ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళ మీదే, మళ్ళీ మళ్ళీ. 2 గెలుపులు అప్పుడే జిమ్‌లో చేరినవాళ్ళ మీద, మొదటి రౌండ్‌లోనే. ఇంక అంచనాకి పనికొచ్చేవి 2 గెలుపులూ 3 ఓటములూ, మొత్తం 5 బౌట్లు. వాటిలో మూడో రౌండ్ చివరిదాకా జరిగినవి ఎన్నో చూసుకోండి. ఆ సంఖ్యే ఈ కుర్రాడి గురించి మనకి తెలిసినదంతా.

తర్వాత గొలుసు వెయ్యండి. మీవాడిని ఓడించినవాడిని ఎవరు ఓడించారు? వాడిని ఎవరు? నేషనల్స్‌లో సర్వీసెస్, రైల్వేస్, హర్యానా కుర్రాళ్ళ దగ్గరికి ఈ గొలుసు ఎన్ని మెట్లలో చేరుతుందో చూడండి. అక్కడి నుంచి పైకి ఏముందో తెలియాలంటే సతీష్ కుమార్‌ని తీసుకోండి. బులంద్‌శహర్ వాడు, ఆర్మీ బాక్సర్, 2014 ఆసియా క్రీడల్లో బ్రాంజ్, 2018 కామన్వెల్త్ క్రీడల్లో సిల్వర్, ఒలింపిక్స్‌కి అర్హత సాధించిన మొదటి భారత సూపర్ హెవీవెయిట్ (అప్పట్లో 91 కిలోల పైన). టోక్యో క్వార్టర్ ఫైనల్లో ముఖానికి కుట్లతోనే రింగ్‌లోకి దిగి, ఉజ్బెకిస్తాన్ బాక్సర్ బఖోదిర్ జలోలోవ్ చేతిలో 5-0తో ఓడాడు. ఆ పోరాటం చూస్తే ఎవరికైనా దండం పెట్టాలనిపిస్తుంది. అంత గట్టివాడికీ పైస్థాయికీ మధ్య ఉన్న దూరం కూడా అందులోనే కనిపిస్తుంది. మీ కుర్రాడు సతీష్‌కి ఎంత దూరంలో ఉన్నాడు, జలోలోవ్‌కి ఎంత దూరంలో ఉన్నాడు అన్నది కాగితం మీద పెట్టండి.

ఓటములని విడిగా చదవండి. పాయింట్ల మీద పోయిందా, రిఫరీ ఆపేశాడా, ఎనిమిది లెక్కపెట్టించుకున్నాక (గట్టి దెబ్బ తగిలితే రిఫరీ ఆట ఆపి ఎనిమిది దాకా లెక్కపెడతాడు) తేరుకున్నాడా, తేరుకుని ముందుకెళ్ళాడా వెనక్కెళ్ళాడా. మంచి ప్రత్యర్థి చేతిలో దగ్గరగా ఓడిన బౌట్ ఒకటి, బలహీనుల మీద గెలిచిన ఐదింటికంటే విలువైనది.

## 4. వీడియో చూడటం: మూడుసార్లు, మూడు పనులకి

మొదటిసారి శబ్దం తీసేసి చూడండి. చుట్టూ ఉన్నవాళ్ళ అరుపులకి గాల్లో పోయిన పంచ్ కూడా తగిలినట్టే అనిపిస్తుంది.

రెండోసారి చేతులు వదిలేసి కాళ్ళే చూడండి. రెండు పంచ్‌లు కొట్టాక కాళ్ళు ఎక్కడ ఉన్నాయో అక్కడ బొమ్మ ఆపండి. రెండు పాదాలూ ఒకే గీత మీదకి వచ్చేశాయా? వెనక్కి జరుగుతున్నప్పుడు ఒక కాలు ఇంకో కాలిని దాటుతోందా? హెవీవెయిట్‌లో ఆ క్షణంలో ఒక్క పంచ్ చాలు, బౌట్ అక్కడే అయిపోతుంది.

మూడోసారి కుడి చెయ్యి ఒక్కటే. ఎడమ జాబ్ (ముందున్న చేతితో నేరుగా వేసే పంచ్) వేసి వెనక్కి తెస్తున్నప్పుడు కుడి చెయ్యి దవడ దగ్గరే ఉందా, లేక చాతీ దాకా జారిందా? సౌత్‌పా (కుడి చెయ్యి ముందు పెట్టి ఆడేవాడు) అయితే ఎడమ చెయ్యి చూడండి. మొదటి రౌండ్‌లో అందరూ బాగానే పట్టుకుంటారు. మూడో రౌండ్ ఆఖరి నిమిషంలో చెయ్యి అరంగుళం, అంగుళం చొప్పున దిగడం మొదలవుతుంది, గడ్డం పైకి లేస్తుంది, నోట్లోంచి గమ్‌షీల్డ్ (పళ్ళకి పెట్టుకునే రక్షణ) కనబడుతుంది. తొమ్మిదో నిమిషానికే ఇలా ఉంటే పద్దెనిమిదో నిమిషానికి ఎక్కడుంటాడో ఊహించుకోవచ్చు.

ఇవి కూడా రాసుకోండి:

- రౌండ్‌కి ఎన్ని జాబ్‌లు, మూడో రౌండ్‌లో ఎన్నికి పడ్డాయి
- పొట్ట, పక్కటెముకల మీద ఎన్ని కొట్టాడు (అమెచ్యూర్‌లో చాలామంది వీటిని దాదాపు మానేస్తారు, ప్రొఫెషనల్‌లో బౌట్ రెండో సగాన్ని గెలిపించేవి ఇవే)
- తాళ్ళకి వీపు ఆనినప్పుడు పక్కకి తప్పుకుంటున్నాడా, చేతులు ముఖానికి అడ్డం పెట్టి నిలబడిపోతున్నాడా
- ప్రత్యర్థి మీద పడి పట్టుకున్నప్పుడు రిఫరీ కోసం ఎదురుచూస్తున్నాడా, లోపలే ఏదైనా పని చేస్తున్నాడా

అమెచ్యూర్ అలవాటు ఒకటి ప్రత్యేకంగా చూడండి. జడ్జీలకి కనబడాలని నాలుగైదు తేలిక పంచ్‌లు గబగబా కొట్టి బయటికి దూకేయడం. 9 నిమిషాలకి అది మంచి ఆటే. 10 రౌండ్లు అలా దూకుతూ ఉండటం 100 కిలోల ఒంటికి సాధ్యం కాదు. అలవాటు మార్చుకోగలడా అన్నది వచ్చే మెట్టులో తేలుతుంది.

## 5. జిమ్‌లో పరీక్ష: పదో నిమిషం తర్వాత

డాక్టర్ సరేనన్నాకే ఇది మొదలుపెట్టండి (ఆరో మెట్టు చదివి, ఆ పరీక్షలు ముందు చేయించండి). మొదటి రెండు వారాలు మామూలు సాధనే, పొద్దున్నే బీచ్ రోడ్డు మీద పరుగు, సాయంత్రం స్కిప్పింగ్, ప్యాడ్లు. మూడో వారం బ్యాగ్ మీద పరీక్ష, ఐదో వారం స్పారింగ్ (సాధన కోసం ఇంకో బాక్సర్‌తో ఆడటం) పరీక్ష.

బ్యాగ్ పరీక్ష: 3 నిమిషాల రౌండ్లు 6, మధ్యలో నిమిషం విశ్రాంతి. గట్టి పంచ్‌లు మాత్రమే లెక్కపెట్టండి, తాకించి వదిలేసినవి కాదు. మొదటి రౌండ్‌లో 60 వస్తే ఆరో రౌండ్‌లో కనీసం 45 రావాలి. 30కి పడిపోతే దమ్ము ఇంకా కట్టాలి. ఆఖరి రౌండ్ అయిన వెంటనే నాడి లెక్కపెట్టి, నిమిషం ఆగి మళ్ళీ లెక్కపెట్టండి, మొదటి లెక్క కంటే 30 దాకా తక్కువుంటే ఒళ్ళు బాగా కోలుకుంటోందని అర్థం.

స్పారింగ్ పరీక్ష: 6 రౌండ్లు, 16 ఔన్సుల గ్లవ్స్, హెడ్‌గార్డ్, రెండు రౌండ్లకో కొత్త మనిషి. ఇక్కడే వైజాగ్‌లో చిక్కొచ్చిపడుతుంది, 90 కిలోల పైన స్పారింగ్‌కి మనుషులు దొరకరు. 75, 80 కిలోల కుర్రాళ్ళతో సరిపెడుతుంటారు. వేగం చూడటానికి వాళ్ళు పనికొస్తారు, బరువు తట్టుకోవడం చూడటానికి పనికిరారు. పై బరువుకి కనీసం ఇద్దరిని ఎక్కడినుంచైనా పిలిపించండి, లేదా మీరే కుర్రాడిని వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. ఆ రైలు టికెట్ల ఖర్చుకి వెనకాడితే ఈ మెట్టు దాటనట్టే.

స్పారింగ్‌లో పోటీ పెట్టకండి. మొదటి నాలుగు రౌండ్లలో ఒకే ఒక్క పని చెప్పండి: "దూకి బయటికి వెళ్ళొద్దు, అరడుగు పక్కకి జరిగి మళ్ళీ జాబ్ వెయ్యి." వింటాడా, అలిసిపోయాక కూడా వింటాడా? నేను పంచ్ పవర్ కంటే దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను. ఐదో రౌండ్‌లో మూలకి వచ్చి కూర్చున్నప్పుడు కోచ్ చెప్పింది కళ్ళల్లోకి చూస్తూ విని, లేచి వెళ్ళి అది చేసే హెవీవెయిట్‌కి చాలా భవిష్యత్తు ఉంది.

మన ఊరి ఉక్కపోత సంగతి మరిచిపోకండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం జిమ్‌లో పరీక్ష పెడితే దమ్ము లేదని తేలుతుంది, అసలు కారణం నీళ్ళు పోవడం అయి ఉండొచ్చు. పరీక్షకి ముందూ తర్వాతా బరువు తూయండి. 96 కిలోల మనిషికి 2 కిలోలు తగ్గాయంటే ఒంటి బరువులో నూటికి 2 వంతుల దాకా నీరుగా పోయినట్టు, ఆ ఫలితం లెక్కలోకి తీసుకోకుండా పొద్దున పూట మళ్ళీ పెట్టండి.

## 6. దెబ్బ ఓర్చుకోవడం, వైద్య పరీక్షలు

దవడ గట్టిదా కాదా చూద్దామని ఎవరిచేతైనా కొట్టించి చూడటం నేరం లాంటిది. ఆ పరీక్ష ఎవరు చేసినా అడ్డుకోండి. ఇప్పటిదాకా ఆడిన బౌట్లలో ఎనిమిది లెక్కలు ఎన్ని, దెబ్బ తగిలాక కాళ్ళు ఎన్ని సెకన్లు తడబడ్డాయి, అది వస్తోందని చూసిన దెబ్బా, చూడని దెబ్బా, ఇవే ఆధారం.

ఇక్కడ తొందరపడి కుర్రాడిని పనికిరాడని తీసిపారేయకండి కూడా. వ్లాదిమిర్ క్లిచ్కో 1996లో ఒలింపిక్ గోల్డ్ తెచ్చుకుని, ప్రొఫెషనల్‌లో మూడుసార్లు, 1998, 2003, 2004లో, బౌట్ ఆపేసేంతగా దెబ్బతిన్నాడు. ట్రైనర్ ఇమాన్యుయేల్ స్టీవార్డ్ దగ్గర ఆట మార్చుకున్నాడు: పొడవాటి జాబ్, దూరం, దగ్గరికొస్తే పట్టేయడం. 2006 నుంచి 2015 దాకా టైటిల్ వదల్లేదు. దెబ్బ తగలకుండా ఆడటం నేర్చుకోగలిగినవాడికి దారి ఉంది. పదే పదే అదే చోట అదే దెబ్బ తింటున్నవాడికి లేదు.

చేయించాల్సిన పరీక్షలు:

- మెదడు ఎంఆర్ఐ
- కంటి డాక్టర్ దగ్గర చుక్కలు వేసి రెటీనా పరీక్ష
- ఈసీజీ, ఎకో
- హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ రక్త పరీక్షలు
- రెండు చేతుల ఎక్స్‌రే, మణికట్టుతో సహా

తలనొప్పి రోజుల తరబడి ఉండటం, వెలుతురు చూడలేకపోవడం, మాట తడబడటం, మరుపు, ఊరికే కోపం రావడం, వీటిలో ఏది ఉన్నా అంచనా వేయడం అక్కడితో ఆపి న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో వాళ్ళని విడిగా అడగండి, అమ్మని ముఖ్యంగా. కోచ్‌తో చెప్పనివి వాళ్ళకి తెలుస్తాయి.

## 7. పంచ్ పవర్: తక్కువ సమయం పెట్టండి

అందరూ దీంతోనే మొదలుపెడతారు కాబట్టి కావాలనే ఇక్కడ పెట్టాను. కొత్తవాళ్ళని పడగొట్టిన లెక్క కొట్టేయండి. అనుభవం ఉన్న ప్రత్యర్థి ఈ కుర్రాడి జాబ్ రెండుసార్లు తిన్నాక లోపలికి రావడం మానేశాడా? పవర్ ఉంది. నవ్వుతూ వస్తూనే ఉన్నాడా? లేదు.

అమెచ్యూర్‌లో పెద్ద బరువులవాళ్ళు వేసుకునేది 12 ఔన్సుల గ్లవ్స్, ప్రొఫెషనల్‌లో హెవీవెయిట్లకి 10 ఔన్సులు. పవర్ పెరుగుతుందని సంతోషిస్తారు, ఎదుటివాడికీ అవే గ్లవ్స్ అని గుర్తుంచుకోండి. డియాంటే వైల్డర్ 20వ ఏట బాక్సింగ్ మొదలుపెట్టి, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బ్రాంజ్ గెలిచి, 2015 జనవరిలో డబ్ల్యూబీసీ ప్రపంచ బెల్ట్ అందుకున్నాడు, ఎక్కువగా ఆ కుడి చేతి మీదే. అలాంటి చెయ్యి తరానికి ఒకటి. మీ కుర్రాడికి అదే ఉందని మీరనుకుంటుంటే ఆ బయటి మనిషిని మళ్ళీ అడగండి.

## 8. వయసు, తత్వం, మెడల్ రంగు

హెవీవెయిట్లు ఆలస్యంగా పండుతారు. 19 ఏళ్ళకి తొందరేమీ లేదు. 29 దాటితే మాత్రం ప్రతి ఏడాదీ లెక్కే.

సిడ్నీ 2000 ఒలింపిక్స్‌లో సూపర్ హెవీవెయిట్ గోల్డ్ ఆడ్లీ హారిసన్‌ది. 29 ఏళ్ళకి ప్రొఫెషనల్ అయ్యాడు, ప్రపంచ టైటిల్ కోసం 2010లో డేవిడ్ హేతో ఆడి మూడో రౌండ్‌లో ఓడాడు. లండన్ 2012లో అదే గోల్డ్ జాషువాది, 22 ఏళ్ళు. 2013లో ప్రొఫెషనల్, 2016 ఏప్రిల్‌లో ఐబీఎఫ్ ప్రపంచ టైటిల్. సియోల్ 1988 ఫైనల్లో లెనాక్స్ లూయిస్ చేతిలో ఓడిన రిడిక్ బో, 1992లో హోలీఫీల్డ్‌ని ఓడించి చాంపియన్ అయ్యాడు. గోల్డ్ అయినా సిల్వర్ అయినా ఆ తర్వాతి కథ వేరే రాసుకోవాల్సిందే.

తత్వం గురించి ఒక్కటే చూస్తాను. ఓడిన వారం జిమ్‌కి వచ్చాడా? ఓటమికి జడ్జీల పేరు చెప్పాడా, తన ఎడమ చెయ్యి సంగతి చెప్పాడా?

హెవీవెయిట్‌కి పైన బరువు హద్దు లేదు కాబట్టి బద్ధకానికీ హద్దుండదు. ఆండీ రూయిజ్ 2019 జూన్‌లో జాషువాని పడగొట్టి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు, అప్పుడు బరువు 121 కిలోల పైన. ఆరు నెలల తర్వాత రీమ్యాచ్‌కి 128 దాటి వచ్చి, 12 రౌండ్లూ జాషువా వెనకాల నడిచి పాయింట్ల మీద ఓడాడు. అందుకే మొదట్లో రెండేళ్ళ బరువు రాసుకోమన్నది. టోర్నీ లేని నెలల్లో 8 కిలోలు పెరిగి, టోర్నీకి ముందు దింపే కుర్రాడికి చేతిలో డబ్బు పడ్డాక ఏమవుతుందో ఆ అంకెలే చెబుతాయి.

## 9. ఉద్యోగం, డబ్బు, కాగితాలు

మన దగ్గర మంచి అమెచ్యూర్ బాక్సర్‌కి స్పోర్ట్స్ కోటాలో రైల్వే, నేవీ, ఆర్మీ, పోలీసు ఉద్యోగాల దారి ఉంది. ఇంటికి అదే పెద్ద ఆసరా. ప్రొఫెషనల్‌కి వెళ్ళడం అంటే చాలాసార్లు దాన్ని వదులుకోవడం, కాబట్టి ఈ మెట్టుని తేలిగ్గా తీసుకోకండి.

విజేందర్ సింగ్ 2015లో ప్రొఫెషనల్ అయి ఇంగ్లండ్ వెళ్ళి సాధన చేశాడు. నిశాంత్ దేవ్ 2025 జనవరిలో లాస్ వెగాస్‌లో మొదటి ప్రొఫెషనల్ బౌట్ ఆడాడు. ఇద్దరికీ బయటి దేశపు ప్రమోటర్ (బౌట్లు ఏర్పాటు చేసేవాడు), జిమ్, స్పారింగ్ దొరికాయి. ఇద్దరూ హెవీవెయిట్లు కారు. మన హెవీవెయిట్‌కి ఈ దారి ఎవరూ చదును చేసి పెట్టలేదు, అందుకని బయటి దేశంలో రెండేళ్ళు సాధన చేసే ఖర్చు ఎవరు పెడతారో తెలియకుండా సంతకం పెట్టకండి.

సంతకానికి ముందు:

- మేనేజరూ ప్రమోటరూ ఒకరేనా? అయితే కుర్రాడి తరఫున మాట్లాడేది ఎవరు?
- ఏడాదికి కనీసం ఎన్ని బౌట్లు అని కాగితం మీద ఉందా?
- ట్రైనర్, వైద్యం, ప్రయాణం, తిండి ఎవరి ఖాతాలో? బౌట్ డబ్బులోంచి ఎంత కోత?
- ఒప్పందం ఎన్నేళ్ళు, మధ్యలో బయటికి రావాలంటే ఏం చెయ్యాలి?
- లైసెన్స్ ఎవరిస్తారు? మన దేశంలో ప్రొఫెషనల్ బౌట్లకి ఇండియన్ బాక్సింగ్ కౌన్సిల్ ఉంది
- ఉద్యోగంలో ఉంటే డిపార్ట్‌మెంట్ అనుమతి రాతపూర్వకంగా వచ్చిందా?
- మళ్ళీ అమెచ్యూర్‌లో ఆడాలనుకుంటే బాక్సింగ్ ఫెడరేషన్ నిబంధన ఏమిటి? 2016 నుంచి ఒలింపిక్స్‌లో ప్రొఫెషనల్స్‌కి తలుపు తెరిచారు, కానీ మన సెలక్షన్‌కి ఏం కావాలో ముందే కనుక్కోండి

ఒప్పందం ఇంగ్లీషులో ఉంటే లాయర్‌తో చదివించి, తెలుగులో ప్రతి పేరా చెప్పించుకోండి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన ప్రొటీన్ డబ్బాలు, ఇంజెక్షన్లు ఈ రోజే మానేయించండి, డోప్ పరీక్షలో దొరికితే "నాకు తెలియదు" అన్న మాట కాపాడదు.

## 10. తీర్పు ఎలా ఇవ్వాలి

మార్కులు కూడి సగటు తీయకండి. వైద్య పరీక్షల్లో తేడా ఉంటే మిగతావన్నీ ఎంత బాగున్నా జవాబు వద్దనే.

వైద్యం సరేనంటే, 3, 4, 5 మెట్లని చూడండి. ఈ మూడూ బాగుంటే ప్రొఫెషనల్ ఆలోచన చెయ్యొచ్చు. రికార్డు పలచగా ఉండి, పదో నిమిషం తర్వాత ఆట బాగుంటే ఏడాది ఆగి నేషనల్స్‌లో, బయటి టోర్నీల్లో కనీసం పది గట్టి బౌట్లు ఆడించి మళ్ళీ చూడండి. వైజాగ్‌లో నేను చూసే కుర్రాళ్ళలో ఎక్కువమంది ఈ గుంపులోనే ఉంటారు. రికార్డు బాగుండి దమ్ము లేకపోతే అమెచ్యూర్‌లోనే కొనసాగించి ఉద్యోగం తెచ్చుకోమనండి, అది గౌరవమైన దారే.

ఈ మాట కుర్రాడికి చెప్పేటప్పుడు కోచ్, తండ్రి, బయటి మనిషి ముగ్గురూ ఉండాలి, పుస్తకం ముందు పెట్టి అంకెలు చూపించి చెప్పాలి. "నీకు చేతకాదు" అనకండి. "ఆరో రౌండ్‌లో నీ జాబ్‌లు 22 నుంచి 7కి పడ్డాయి, చూడు" అనండి.

ముందుకెళ్ళాలని తేలితే మొదటి నాలుగు బౌట్లు 4 రౌండ్లవే పెట్టించండి, ప్రత్యర్థుల్లో కనీసం ఒకడు పూర్తి దూరం నిలబడేవాడై ఉండాలి. అన్నీ మొదటి రౌండ్ నాకౌట్లే అయితే రికార్డు మెరుస్తుంది, మనకి తెలిసేది ఏమీ ఉండదు. మొదటి 6 రౌండ్ల బౌట్ అయ్యాక నాలుగో మెట్టు మళ్ళీ చెయ్యండి. తలకి దెబ్బ తగిలి బౌట్ ఆగిపోతే కనీసం 30 రోజులు స్పారింగ్ కూడా వద్దు, డాక్టర్ ఇంకా ఎక్కువ చెబితే అంతా ఆగండి, ప్రమోటర్ తేదీ ఇచ్చేశానన్నా సరే.